చదివే గదిలో చేతికి చోటు: గ్రామ గ్రంథాలయం, సైన్సు ప్రయోగం, వాడ పిల్లలు

ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం గురించి చెప్పేవాళ్లు ముందు తేదీలు చెబుతారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం, 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1918లో వేటపాలెం సారస్వత నికేతనం. తేదీలు నిజమే. ఊరూరా తిరిగి చందాలడిగి, బీరువాలు కొని, పుస్తకాలు మోసినవాళ్ల కష్టమూ నిజమే. దాన్ని తక్కువచేసి మాట్లాడాల్సిన పని మనకి లేదు. అయితే అదే చరిత్రని వాడ వైపు నుంచి చదవడం మొదలుపెడితే, పుస్తకాలెన్ని, పాఠకులెందరు అనే లెక్కలకంటే ముందు రెండు చిన్న ప్రశ్నలు అడ్డం పడతాయి. ఆ గ్రంథాలయం గడప ఊళ్లో ఏ వీధిలో ఉంది? గడప దాటినవాడి చేతికి లోపల ఏం పని ఉంది?

మొదటి ప్రశ్న దళిత ఉద్యమం వేరే సందర్భాల్లో చాలాసార్లు వేసిందే. బడి గురించి వేసింది, బావి గురించి వేసింది, గుడి గురించి వేసింది. రెండో ప్రశ్నే అంతగా వెయ్యలేదు. గ్రంథాలయమంటే కళ్లకి, నోటికి పని. ఒకడు పైకి చదువుతాడు, మిగతావాళ్లు వింటారు. చెయ్యి పేజీ తిప్పితే చాలు. ఇవాళ పల్లె లైబ్రరీల్లో పిల్లలకి చేతులతో చేసే సైన్సు నేర్పాలన్న మాట వినపడుతోంది. అట్టపెట్టెతో పిన్‌హోల్ కెమెరా, కాగితంతో సూక్ష్మదర్శిని, బావినీళ్ల పరీక్ష, బ్యాటరీతో చిన్న మోటారు. మంచిమాటే. ఈ మాటని సమర్థించే వాళ్లలో ఈ వ్యాసకర్త కూడా ఒకడు. కానీ చెయ్యి అనేది మన సమాజంలో కులం లేని అవయవం కాదు. ఎవరి చెయ్యి ఏం ముట్టుకోవాలో, ఏం ముట్టుకోకూడదో నిర్ణయించడానికే ఇక్కడ ఒక వ్యవస్థ పుట్టింది. దాన్ని దాటేసి నేరుగా ప్రయోగం బల్ల దగ్గరికి వెళ్లలేం.

పుస్తకంలో రసాయనం, ఊరి బయట రసాయనం

తెలుగులో ఆధునిక సైన్సు పుస్తకం 1906లో పుట్టిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలికి చాలా రుణపడి ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు దాన్ని నడిపారు. మండలి తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. అమెరికాలో నల్లవాళ్ల బానిసత్వం రద్దు చేసిన మనిషి కథతో తెలుగు విజ్ఞానం మొదలైందన్నమాట. పక్క వాడలో వెట్టి చేసే పాలేరు కథ ఆ వరసలోకి రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. మండలి తర్వాత జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం, రసాయనశాస్త్రం మీద కూడా పుస్తకాలు వేసింది. ఇంగ్లీషు రానివాడికి సైన్సు అందాలన్న ఆలోచన అప్పట్లో సాహసమే.

ఆ పుస్తకాలు చేరిన గ్రంథాలయాల్లో కూర్చుని చదువుకున్నవాళ్లు ఆమ్లం, క్షారం అనే మాటలు నేర్చుకున్నారు. అదే ఊళ్లో, ఆ గదికి ఎంతో దూరం లేని మాదిగవాడలో, క్షారం గుంటలో ఉంది. పచ్చితోలుని నీళ్లలో నానబెట్టి, సున్నపు నీళ్ల గుంటలో వేస్తారు. సున్నం గట్టి క్షారం. వెంట్రుక కుదురు దగ్గర పట్టు వదులుతుంది, వెంట్రుకలు గీకితే వచ్చేస్తాయి. తోలు ఉబ్బుతుంది. ఎన్నాళ్లుంచాలో వాతావరణాన్ని బట్టి మారుతుంది. ఎక్కువుంచితే తోలు పాడు, తక్కువుంచితే వెంట్రుక రాదు. తర్వాత కడిగి, సున్నం పోగొట్టి, తంగేడు చెక్క ఊరబెట్టిన నీళ్లలో లందలో నానబెడతారు. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, అందులో చెక్కనీళ్లు పోసి వేలాడదీస్తారు. చెక్కలో ఉన్న టానిన్ తోలులోని కొలాజెన్ పోగుల్ని పట్టుకుంటుంది. ఆ పట్టు వల్లే తోలు కుళ్లదు, నీళ్లలో నాని చెడదు, ఎండకి పెంకులా బిగుసుకుపోదు. ఇదంతా చేత్తో నొక్కి, వాసన చూసి, రంగు చూసి తేల్చుకునే పని. ఆ తోలుతోనే మోట బొక్కెన తయారైంది, మోటతోనే మెట్టచేలు తడిశాయి. ఊరికి అన్నంపెట్టిన ఈ విద్యకి ప్రతిఫలం కళ్లంలో మేర గింజలు, దాంతోపాటు అంటరానితనం.

ఇక్కడ కులం చేసిన మాయ గమనించండి. పుస్తకంలో ఉన్న క్షారం శాస్త్రమైంది. గుంటలో ఉన్న క్షారం కులవృత్తి అయింది. 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఏర్పడింది. గుంటూరు జిల్లా యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరుగా ఉండి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. ఆయన ప్రతిభని, తోలుపనిని చిన్నచూపు చూడని ఆయన తీరుని గౌరవించాల్సిందే. మన ప్రశ్న ఆయన గురించి కాదు. తరతరాలుగా తోలు తెలిసిన మనుషుల్లోంచి అటువంటి పేరు ఎందుకు రాలేదు? తెలివి లేకనా? గుంట దగ్గర ఉన్నవాడికి పుస్తకం అందలేదు, పుస్తకం దగ్గర ఉన్నవాడు గుంట దగ్గరికి పోలేదు. రెంటికీ మధ్య ఉన్న దూరం ఊరికీ వాడకీ మధ్య ఉన్న దూరమే. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' పుస్తకం ఉత్పత్తి కులాల పనిలోని జ్ఞానాన్ని పాఠ్యాంశంగా ముందుకు తెచ్చింది ఈ దూరాన్ని చూసే.

ఒక చిన్న ప్రయోగం చెబుతాను. ఏ పల్లె లైబ్రరీలోనైనా చెయ్యొచ్చు, ఖర్చు పెద్దగా లేదు. కరక్కాయ పెచ్చులు దంచి నీళ్లలో నానబెట్టి వడగట్టండి. తంగేడు చెక్కని కూడా విడిగా అట్లాగే చెయ్యండి. రెండు గ్లాసుల్లోనూ పచారీ కొట్లో దొరికే అన్నభేది, అంటే ఇనుప లవణం, చిటికెడు వేసి గాలి తగలనివ్వండి. నీళ్లు నల్లబడతాయి. కరక్కాయ నీళ్లు నీలి నలుపు, తంగేడు నీళ్లు పచ్చదనం కలిసిన నలుపు. రెంటిలోనూ టానినే, అయితే జాతి వేరు. రంగులో తేడా అందుకే. ఆ నీలి నలుపు ఏమిటో పెద్దవాళ్లని అడగండి. సిరా. ఒకప్పుడు ఇళ్లలో కలానికి కాచుకున్న కరక్కాయ సిరా అదే. తోలుని ఊనే పదార్థమూ, అక్షరాన్ని కాగితం మీద నిలిపే పదార్థమూ ఒకటే కుదురు. లందలో ఉన్నంతసేపు అది మైల, సిరాబుడ్డిలో ఉంటే సరస్వతి. ఈ ప్రయోగం చేసిన పదేళ్ల పిల్లకి కులం గురించి ఉపన్యాసం ఇవ్వాల్సిన పని తగ్గుతుంది.

పడవ మీద పుస్తకాలు, తోటలో అంబేడ్కర్

గ్రంథాలయోద్యమంలో అందరూ ముచ్చటగా చెప్పుకునేది పడవ గ్రంథాలయం. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపాడు. పుస్తకం దగ్గరికి మనిషి రాలేకపోతే మనిషి దగ్గరికి పుస్తకం పోవాలన్న ఆలోచన గొప్పది. కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు ఇంజనీర్ల పేరు మీద చరిత్రకెక్కాయి, మట్టి తవ్వి తట్ట మోసింది మాత్రం ఒడ్డెరలు, ఉప్పర్లు, వాళ్ల పక్కన నిలబడ్డ వాడ కూలీలు. కాలువ వాలు చూడటం, గట్టు నిలబెట్టడం, చెయ్యి చేసిన ఇంజనీరింగే. ఆ నీళ్ల మీద తేలివచ్చిన పుస్తకాల్లో ఆ పని గురించిన పుస్తకం ఉండే అవకాశమెంత?

తెలుగునాట అవతల, బరోడా సంస్థానంలో జరిగింది ఇంకా లోతైన పాఠం. శాయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుణ్ణి రప్పించి, సంస్థానమంతా గ్రంథాలయాలు పెట్టించాడు. ఊళ్లకి పుస్తకాల పెట్టెలు తిరిగేవి. గ్రంథాలయ శాఖలో చదువురానివాళ్ల కోసం ఒక విభాగం ఉండేది. మ్యాజిక్ లాంతరు బొమ్మలు, స్టీరియోస్కోపు, సినిమా చూపించేవాళ్లు. మన దేశంలో గ్రంథాలయం పుస్తకం దాటి పరికరం వైపు వేసిన మొదటి అడుగుల్లో ఇదొకటి. అదే గైక్వాడు ఇచ్చిన వేతనంతో 1913లో అంబేడ్కర్ కొలంబియా వెళ్లాడు. ఒప్పందం ప్రకారం 1917లో కొలువు చెయ్యడానికి బరోడా తిరిగివచ్చాడు. దేశంలోనే మేలైన గ్రంథాలయాలున్న ఆ పట్నంలో ఆయనకి తలదాచుకోను గది దొరకలేదు. పారశీ సత్రంలో పేరు దాచుకుని ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. రైలు వేళ దాకా కామాఠీ బాగ్ తోటలో కూర్చున్నానని ఆయనే రాశాడు. గ్రంథాలయాలు కట్టినంత మాత్రాన కులం ఇంటిదారి పట్టదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అంతకుముందు బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో జరిగిన సంగతి ధనంజయ్ కీర్ రాసిన జీవితచరిత్ర వల్ల అందరికీ తెలుసు. లెక్క చెయ్యడానికి భీమ్‌రావుని బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు పరిగెత్తి తీసేసుకున్నారు. సుద్దముక్క పట్టుకోవడం కూడా ముట్టుకోవడమే కదా. బుర్రతో చేసే లెక్కకి కూడా ఒక బోర్డు, ఒక చెయ్యి కావాలి. చేత్తో చేసే సైన్సులో ఆ ముట్టుకోవడం పదింతలవుతుంది. ఒకే భూతద్దం పది చేతులు మారాలి, ఒకే గ్లాసు నీళ్లు ఇద్దరు పట్టుకోవాలి, ఒకే బల్ల మీద వంగి చూడాలి. పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లి ఒంటరిగా చదువుకోవచ్చు. ప్రయోగం ఒంటరిగా కుదరదు. కనుకనే పఠనాలయం కంటే ప్రయోగం బల్ల కులానికి ఎక్కువ ఇబ్బంది.

చేతిపని అనే ఉచ్చు

ఇంకో వైపు నుంచి ప్రమాదం ఉంది. పుస్తకాల చదువు వృథా, చేతిపని నేర్పండి అనే మాట మనకి కొత్త కాదు. అది ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడాలి.

1882లో హంటర్ కమిషన్‌కి ఇచ్చిన నివేదనలో జోతిబా ఫూలే ప్రాథమిక పాఠ్యక్రమంలో చదవడం, రాయడం, లెక్కలతో పాటు వ్యవసాయం గురించిన ప్రాథమిక జ్ఞానం ఉండాలని అడిగాడు. శూద్ర అతిశూద్రులకి బడి తలుపు తెరవమంటూనే ఆ మాట అన్నాడు. చదువు బదులు పని కాదు, చదువుతో పాటు పని వెనక ఉన్న జ్ఞానం. 1937లో వార్ధాలో గాంధీ ముందుకు తెచ్చిన బునియాదీ చదువు చేతివృత్తి చుట్టూ తిరిగింది. శ్రమకి గౌరవం అన్నది దాని నినాదం. కానీ వృత్తి కులంతో ముడిపడి ఉన్న చోట, ముడి విప్పకుండా వృత్తిని పొగిడితే ఏమవుతుందో 1953లో తేలిపోయింది. మద్రాసు ముఖ్యమంత్రిగా రాజగోపాలాచారి పల్లె ప్రాథమిక బడుల్లో పిల్లలకి ఒక పూటే చదువు, రెండో పూట తల్లిదండ్రుల వృత్తి అని పథకం పెట్టాడు. అది మొదలయ్యేనాటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. పెరియార్ దాన్ని కులవిద్య అని పేరుపెట్టి ఎదిరించాడు. 1954లో కామరాజ్ వచ్చాక పథకం పోయింది. ఆలోచన పోయిందా? లేదనే నా అభిప్రాయం. మాదిగ పిల్లాడికి చెప్పులు కుట్టే శిక్షణ, చాకలి పిల్లకి ఇస్త్రీ శిక్షణ అనే రూపాల్లో అది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది.

అంబేడ్కర్ ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాడు. 1945లో కాంగ్రెసు, గాంధీల మీద రాసిన పుస్తకంలో యంత్రాన్ని తిట్టేవాళ్లని నిలదీశాడు. యంత్రమూ ఆధునిక నాగరికతా లేకపోతే శ్రమచేసేవాడికి తీరిక ఉండదు, తీరిక లేకపోతే మనిషి మనిషిగా బతకలేడన్నది ఆయన వాదం. అంతకుముందు 1942లో, వైస్రాయి కార్యవర్గంలో సభ్యుడిగా ఉంటూ ప్రభుత్వానికిచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డు కులాల విద్యార్థులకి సైన్సు, సాంకేతిక చదువుల కోసం ప్రత్యేక వేతనాలు అడిగాడు. ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిసులుగా తీసుకోమన్నాడు. ఆ రెండు చోట్లనీ చూడండి. అచ్చుయంత్రం, రైలింజను. తండ్రి పని కాదు, తండ్రికి అందకుండా చేసిన పని.

కాబట్టి పల్లె లైబ్రరీలో చేతులతో సైన్సు అన్నప్పుడు మనం అడగాల్సింది, ఇది కులవృత్తికి కొత్త పేరా, లేక ప్రయోగమా అని. రెంటికీ తేడా ఉంది. వృత్తిలో చెయ్యి ముందే నిర్ణయమైన వస్తువు చేస్తుంది, అడిగే హక్కు దానికి లేదు. ప్రయోగంలో చెయ్యి ప్రశ్న వేస్తుంది, వచ్చిన జవాబు రాసుకుంటుంది, తప్పయితే మళ్లీ చేస్తుంది. లందని గౌరవించడమంటే పిల్లల్ని లంద దగ్గర కూర్చోబెట్టడం కాదు. మా తాతలు శాస్త్రజ్ఞులే అని చెప్పుకుంటూ మా పిల్లల్ని ఆరె రంపెలకి అంకితం చెయ్యమంటే ఒప్పుకోం. అన్నభేది ప్రయోగం మాల పిల్ల, కమ్మ పిల్లాడు, బాపన పిల్ల అందరూ చెయ్యాలి. తోలుని ముట్టుకోవాల్సిన అవసరం ఎవరికన్నా ఉందంటే అది ఇప్పటిదాకా ముట్టుకోని చేతులకి.

డప్పు సంగతీ అంతే. వాయించేముందు మంట దగ్గర ఎందుకు కాస్తారు? వేడికి తోలులో తేమ పోతుంది, తోలు బిగుస్తుంది, బిగువు పెరిగితే శ్రుతి పెరుగుతుంది. పొర కంపనం గురించి ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే పాఠం ఏ కిట్టులోనూ రాదు. వానాకాలం, ఎండాకాలం విడివిడిగా చేసి తేడా రాసుకోవచ్చు. (నిశ్శబ్దం పాటించండి అనే బోర్డున్న గదిలో డప్పు మోగితే గ్రంథపాలకుడు ఏమంటాడో చూడాలని నాకొక కోరిక.) కానీ డప్పు పట్టుకునేది ఎప్పుడూ వాడ పిల్లాడు, శ్రుతి లెక్క రాసేది ఎప్పుడూ ఊరి పిల్లాడు అయితే అది సైన్సు ముసుగులో పాత వెట్టే.

తాళం పడ్డ కిట్టు, వీధిలోకొచ్చిన సైన్సు

చట్టం సంగతి త్వరగా చెప్పుకుందాం. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వసూలైన సెస్సుని స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకి సరిగా జమచెయ్యవన్నది ఏళ్లనాటి ఫిర్యాదు. మనకి ముఖ్యమైంది వేరు. వాడలో ఇంటిపన్ను కట్టే ప్రతి ఇల్లూ ఆ బీరువాకీ, ఆ బల్లకీ, రేపు రాబోయే సూక్ష్మదర్శినికీ సొంతదారు. దానం కాదు.

1986 జాతీయ విద్యావిధానం వెంట 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రాథమిక బడులకి సైన్సు కిట్లు, పనిముట్ల పెట్టెలు పంపారు. వాటిలో ఎన్నో బీరువాలోంచి బయటికి రాలేదు. పగిలితే ఎవరు సమాధానం చెప్పాలి అన్న భయం. విలువైన వస్తువు పిల్లల చేతికి, అందులోనూ వాడ పిల్లల చేతికి ఇవ్వకూడదన్న సంస్కారం ఆ భయంలో కలిసిలేదని ఎవరూ అనలేరు.

అదే 1987లో అక్టోబరు 2 నుంచి భారత జనవిజ్ఞాన జాతా దేశమంతా తిరిగి భోపాల్ చేరింది. 1988లో మన దగ్గర జనవిజ్ఞాన వేదిక ఏర్పడింది. పిల్లలకోసం చెకుముకి పత్రిక నడిపింది, వీధుల్లో ప్రయోగాలు చేసి చూపించింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా వెళ్లినప్పుడు, రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దూరదర్శినులు బిగించుకుంటే జనం తలుపులు బిగించుకున్నారు. 1995 అక్టోబరు గ్రహణం నాటికి కొంత మార్పొచ్చింది. పిల్లలు సౌర ఫిల్టర్ల లోంచి, అట్టపెట్టె చిల్లుల్లోంచి సూర్యుణ్ణి చూశారు. సైన్సు గదిలోంచి వీధిలోకి వచ్చింది. 1991 ప్రాంతాల నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమం, 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం కూడా ఈ గాలిలోవే. ఆ పోరాటంలో ముందునిలిచిన వాళ్లలో దళిత, వెనకబడిన కులాల ఆడవాళ్లున్నారు.

ఈ ఉద్యమాల మీద మనకి అభిమానం ఉంది, తగువూ ఉంది. బాణామతి, చేతబడి మూఢనమ్మకాలని వాడకొచ్చి చెప్పినంత గట్టిగా, అంటు అనేది అన్నిటికంటే పెద్ద మూఢనమ్మకమని ఊళ్లోకెళ్లి చెప్పారా? నిప్పుల మీద నడక వెనక భౌతికశాస్త్రం చూపించినవాళ్లు, రెండు గ్లాసుల పద్ధతి మీద ఒక ప్రయోగం ఎందుకు తయారుచెయ్యలేదు?

తయారుచెయ్యొచ్చు. 1927 మార్చి 20న మహాడ్ చౌదారు చెరువులో అంబేడ్కర్, ఆయన వెంట వేలమంది నీళ్లు ముట్టుకున్నారు. తర్వాత సవర్ణులు ఆ చెరువుని శుద్ధి చేశారు. ఎట్లా? ఆవుపేడ, ఆవుపంచితం, పాలు, పెరుగు కలిపిన నీళ్లు 108 కుండలు గుమ్మరించి. 1982లో మంజా, ఆయన సహచరులు తాగునీటికి ఒక తేలికైన పరీక్ష ప్రకటించారు. చిన్న సీసాలో మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లు నింపి మూతపెట్టి వెచ్చని చోట ఒకటి రెండు రోజులుంచాలి. నీళ్లలో మలం వల్ల చేరే సూక్ష్మజీవులుంటే హైడ్రోజన్ సల్ఫైడు పుట్టి, కాగితంలోని ఇనుముతో కలిసి సీసా నల్లబడుతుంది. ఒక సీసాలో శుభ్రమైన బావినీళ్లు మనిషి చెయ్యి ముట్టించి పొయ్యండి. ఇంకో సీసాలో అవే నీళ్లు చిటికెడు పేడ కలిపి పొయ్యండి. ముట్టుకున్న చెయ్యి సబ్బుతో కడుక్కున్నదైతే చాలు, ఏ కులానిదైనా సరే. ఏ సీసా నల్లబడుతుందో చూడటానికి పిల్లలే మర్నాడు పరుగెత్తుకొస్తారు. మైల అనేది కొలిచి చూడగలిగిన వస్తువని, కులం దాని కొలత కాదని అంతకంటే బాగా ఏ వ్యాసమూ చెప్పలేదు.

రెండు బావులు

నీళ్ల దగ్గరే ఎందుకు ఆగుతున్నానంటే, మన చరిత్ర నీళ్ల దగ్గరే రక్తం కార్చింది కాబట్టి. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితుల్ని చంపారు. తగాదా మొదలైంది మాదిగవాడ తాగే చెరువు దగ్గర. పశువుని కడిగి ఆ నీళ్లు పాడుచేస్తుంటే వద్దన్నందుకు, బిందె ఎత్తి ఎదురునిలబడ్డ మున్నంగి సువార్త తెగువకి ఓర్వలేక. పేరుమోసిన గ్రంథాలయం ఉన్న వేటపాలెం, ఈ కారంచేడు, రెండూ చీరాల చుట్టుపక్కల ఊళ్లే. పుస్తకాల లెక్క చెప్పేటప్పుడు ఈ దూరం కూడా చెప్పాలి. తాగే నీళ్లు పాడవుతాయన్న సువార్త మాట పక్కా ఆరోగ్యశాస్త్రం. అప్పుడు అది తలబిరుసుగా వినపడింది.

నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు జబ్బుని 1937లోనే వైద్యులు గుర్తించి రాశారు. నల్గొండ పేరైతే పటికా సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికే అతుక్కుపోయింది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. చిన్న పరీక్ష కిట్టుతో, రంగుమారడం చూసి చార్టుతో పోల్చి, హైస్కూలు పిల్లలు అంచనా కట్టగలరు. ఊరి బోరు, వాడ బోరు రెంటినీ కొలిస్తే? ఫలితం ఎట్లా వచ్చినా అది ఊరికి పనికొచ్చే కాగితం. వాడ నీళ్లు చెడ్డవైతే అర్జీకి ఆధారం. సైన్సు కార్యక్రమం అర్జీ దాకా వెళ్తుందని తెలిసినరోజున కొందరు పెద్దలకి పిల్లల సైన్సు మీద ముచ్చట తగ్గొచ్చు.

ఇవాళ సాధనాలకి కొరత తక్కువ. 1999లో మొదలైన అగస్త్య సంస్థ కుప్పం దగ్గర పెద్ద ఆవరణ కట్టి, ప్రయోగ సామగ్రితో బళ్లని పల్లెలకి పంపుతోంది. స్టాన్‌ఫోర్డులో మను ప్రకాశ్ బృందం 2014లో ప్రకటించిన ఫోల్డ్‌స్కోపు కాగితం మడిచి చేసే సూక్ష్మదర్శిని, పగిలిపోతుందన్న సాకు దానికి చెల్లదు. సాధనాల వెనక పిల్లల కలలున్నాయి. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల, కార్ల్ సేగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నానని చివరి ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ ఉత్తరాన్ని రాజకీయంగా చదివాం, చదవాల్సిందే. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్లాడికి నక్షత్రాల మీద అంత మోజు ఉందన్న సంగతిని కూడా అందులో చదవాలి.

పనిలో దిగే మిత్రులకి కొన్ని సంగతులు. సాయంత్రం నాలుగింటికి పెట్టే కార్యక్రమానికి మిరపకోతల కాలంలో వాడ పిల్లలు రారు. వాళ్లు రాకపోవడాన్ని ఆసక్తి లేకపోవడంగా రాసుకోవద్దు. రాత్రిపూట లైటు, ఆడపిల్లలు ఇంటికి చేరడానికి తోడు ముందే చూసుకోవాలి. సామగ్రికి డిపాజిట్ అడగొద్దు. గ్రంథాలయం ఊరి నడిమధ్య ఏదో ఒక కులపెద్ద ఇంటి అరుగుని ఆనుకుని ఉంటే, నెలలో సగం రోజులు బల్లని వాడ బడికి మార్చాలి, ఊరి పిల్లలు అక్కడికి రావాలి. జట్లు చీట్లు వేసి కట్టాలి, పిల్లల ఇష్టానికి వదిలితే జట్లు ఇంటిపేర్ల ప్రకారం కడతాయి. ఒకరోజు పరికరం పట్టినవాళ్లు రెండోరోజు రిజిస్టరు రాయాలి, ఊడ్చి కడిగే వంతు అందరికీ రావాలి. నల్లబడిన సీసాల్లో బ్లీచింగు పొడి వేసి పారబొయ్యడం మర్చిపోవద్దు. నీటి ఫలితాలు రాసే రిజిస్టరు ఒక్కటే ఉండాలి. ఊరి బావికి ఒక పేజీ, వాడ బావికి ఇంకో పేజీ వద్దు. ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి, తేదీ వేసి, కొలిచిన పిల్లల సంతకాలు పెట్టించి, ఒక నకలు గ్రంథాలయం గోడకీ ఒక నకలు పంచాయతీ ఆఫీసు గోడకీ అంటించండి.